బజ్జీల బండి మీద దుర్గ పేరు

మిరపకాయ మంటకి మందుంది. కాసిని మజ్జిగ పోసుకుంటే చేతులు చల్లబడతాయి, చిన్న బెల్లం ముక్క చప్పరిస్తే నాలుక కుదుటపడుతుంది. పర్చూరులో చీరాల రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి మిరపకాయ బజ్జీలు వేస్తున్న చిట్టెమ్మకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడకి తెలియనిదల్లా ఒకటే. పొయ్యి కట్టేసి, మూకుడు దించేసి, ఇంటికెళ్ళి మంచం మీద వాలాక కూడా కడుపులో రగులుతూ ఉండే ఇంకో మంటకి ఏం పోసుకోవాలన్నది. ఆ మంట పేరు లక్ష్మీదుర్గ. ఆవిడకి తోడికోడలు.

దుర్గ సంగతికి ముందు చిట్టెమ్మ పేరు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవంతా పేరు దగ్గరే వచ్చింది. ఆవిడ అసలు పేరు వెంకటేశ్వరమ్మ. నాయనమ్మ పేరు పెట్టారు. పెట్టడం వరకూ బాగానే ఉంది గానీ, పిలవడం ఎట్లా? అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు. అందులోనూ పిల్లని తిట్టాల్సిన రోజుంటుంది, వీపు మీద రెండు వెయ్యాల్సిన రోజుంటుంది. అప్పుడు ఆ పేరు పెట్టి అరిస్తే ముసలావిడ ఊరుకుంటుందా? అందుకని కన్నతల్లే చిట్టి అంది. పెళ్ళై పర్చూరు వచ్చేసరికి అది చిట్టెమ్మ అయింది. మొగుడు పానకాలు ఆ పేరైనా పిలవడు, ఆయనకి "ఏమే" చాలు. వెంకటేశ్వరమ్మ అన్న పేరు ఆధార్ కార్డుతోనూ బ్యాంకు పుస్తకంతోనూ కలిసి బీరువాలో పెళ్ళిచీర కింద పడి ఉంది. దాన్ని వాడిన వాళ్ళూ లేరు, వెతికిన వాళ్ళూ లేరు.

పానకాలు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనికి పోయేవాడు. ఆ పని ఏడాది పొడుగునా ఉండదు. లేని నెలల్లో పొయ్యి వెలగాలని చిట్టెమ్మ బజ్జీల బండి పెట్టింది. బండికి బోర్డు కూడా లేదు. వాసనుండగా బోర్డెందుకు అనేది. కాయని నిలువునా చీల్చి గింజ తీసి, లోపల వాము కలిపిన చింతపండు గుజ్జు సన్నగా రాసి, శనగపిండిలో ముంచి, ఒకసారి సగం వేయించి తీసి, గిరాకీ వచ్చాక మళ్ళీ మూకుట్లో వేసేది. ఆ పైన ఉల్లిపాయ, నిమ్మరసం. మిరప కోతలకి వెళ్ళొచ్చే కూలీలు, పత్తి లారీల వాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరికీ సాయంత్రమైతే కాళ్ళు అటే లాగేవి. చిట్టెమ్మ బజ్జీలు అంటే పర్చూరులో చిన్నపిల్లాడైనా దారి చూపేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకి నెయ్యి అన్నం తిన్నట్టుండేది.

దుర్గ పానకాలు తమ్ముడు రాము పెళ్ళాం. పదో తరగతి పాసైన పిల్ల, చురుకైంది. రాము ఆటో నడిపేవాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక దుర్గ సాయానికి వచ్చింది. ఉల్లిపాయలు తరిగేది, ప్లేట్లు కడిగేది, బెంచీలు తుడిచేది. కొన్నాళ్ళకి జనం దగ్గర చిల్లర కనపడటం మానేసింది. వచ్చిన ప్రతివాడూ "స్కానర్ లేదా అమ్మా?" అని అడగడం, లేదంటే పక్కనున్న నూడిల్స్ బండికి పోవడం. దుర్గ ఒక స్కానర్ తెచ్చి పెడదామంది. ఫోన్ తనదే కాబట్టి ఎవరి పేరున పెట్టమంటావక్కా అని అడిగింది కూడా. "నాకెందుకే ఆ గోల, నీ పేరునే పెట్టెయ్" అంది చిట్టెమ్మ. ఆ రోజు ఆ మాట ఏ నోటితో అందో గానీ, తర్వాత ఆ నోటినే ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

డబ్బు దగ్గర ఇసుమంత తేడా రాలేదు. అది చెప్పకపోతే కళ్ళు పోతాయి. ఫోన్లో పడ్డదంతా దుర్గ ఏ రోజుకారోజు తెచ్చి చేతిలో పెట్టేది. తేడా వచ్చింది ఇంకోచోట. స్కాన్ చేసిన వాడికి ఫోన్లో పెద్ద అక్షరాలతో లక్ష్మీదుర్గ అని వస్తుంది. వాడు తలెత్తితే ఎదురుగా మూకుడు దగ్గర కనపడేది చిట్టెమ్మ. ఫోన్ ఆవిడ మొహం ముందు పెట్టి "పడ్డాయి చూడండి దుర్గ గారూ" అంటాడు. మొదట్లో ఆవిడ నవ్వి, నేను చిట్టెమ్మనండి అని సర్దిచెప్పేది. "మరి దుర్గ అని వచ్చిందే" అని వాళ్ళు అనుమానంగా చూసేవాళ్ళు. మనిషి మాటకన్నా ఫోన్ మాటకి విలువెక్కువైన రోజులివి. నీ పేరు నీకు తెలియదేమో, మా ఫోన్‌కి తెలుసు అన్నట్టుండేవి ఆ చూపులు.

చెప్పీ చెప్పీ ఆవిడకి విసుగొచ్చింది. పాత గిరాకీ చిట్టెమ్మా అనే పిలిచేది గానీ, పాతవాళ్ళు తగ్గుతూ వచ్చారు, కొత్తవాళ్ళు పెరుగుతూ వచ్చారు. కొత్తవాళ్ళందరికీ ఆవిడ దుర్గ. ఎవరో కుర్రాడు ఫోన్ మ్యాప్‌లో దుర్గమ్మ మిర్చి బజ్జీ అని కూడా ఎక్కించాడట. ఇక లాభం లేదని చిట్టెమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. జనం ఉన్నప్పుడు కావాలని గొంతు పెంచి "ఒసేయ్ దుర్గా, ఉల్లిపాయలు తేవే" అని పిలిచేది, దుర్గంటే అదీ అని అందరికీ తెలిసేలా. ఒకాయన బజ్జీ కొరుకుతూ విని, "ఏంటండీ, తల్లికీ కూతురికీ ఒకటే పేరా?" అని అడిగాడు. పేరూ పోయింది, పైన వయసూ మీద పడింది. ఆ సాయంత్రం ఆవిడ రెండు వాయల బజ్జీలు మాడ్చింది.

నిజం చెప్పాలంటే చిట్టెమ్మకి కుళ్ళు పట్టుకుంది. మంచిమనిషే గానీ, మంచిమనుషులకి కుళ్ళు పట్టకూడదని ఎక్కడా లేదు. దుర్గ తరిగిన ఉల్లిపాయ లావుగా కనిపించేది. దుర్గ కడిగిన ప్లేటుకి జిడ్డు కనిపించేది. దుర్గ ఫోన్ ఠంగుమన్నప్పుడల్లా తన పేరులో ఒక అక్షరం రాలి కింద పడ్డట్టుండేది. మొగుడి దగ్గర చెప్పుకుంటే ఆయన బీడీ ఆర్పకుండానే, బజ్జీ తిన్నవాడికి బజ్జీ గుర్తుంటుంది గానీ పేరెవరిదైతే ఏంటే అన్నాడు. రేపటినుంచి నిన్ను రాము అని పిలుస్తాను, పలుకుతావా అని ఆవిడ అడిగింది. పానకాలు ఆ తర్వాత ఆ విషయంలో తలదూర్చలేదు.

ఒక ఆదివారం వాడరేవు సముద్రానికి పోతూ గుంటూరు వాళ్ళ కారొకటి బండి ముందు ఆగింది. దిగీ దిగగానే "దుర్గమ్మ బజ్జీలంటే ఇవేనా అండీ?" అన్నారు. కడుపు నిండా తిని, ఆహా ఓహో అని, చివర్లో చిట్టెమ్మ పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు. దుర్గమ్మ గారితో అని రాసి అప్పటికప్పుడే ఎక్కడో పెట్టారు కూడా. చిట్టెమ్మ అటు తిరిగి చూసేసరికి, వెనక బకెట్టు దగ్గర ప్లేట్లు కడుగుతూ దుర్గ నవ్వుతోంది. కింద పడ్డందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని, వేళ్ళు కాలింది తనవైతే పేరు దానిదైందని చిట్టెమ్మ ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది. ఆ నవ్వు ఆవిడని నిద్రలో కూడా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే బీరువా తీసి, పెళ్ళిచీర కింది కాగితాలు పట్టుకుని ఖలీల్ సెల్ షాపుకి వెళ్ళింది. డ్వాక్రా గ్రూపులో దాచుకున్న డబ్బుతో టచ్ ఫోన్ కొంది. స్కానర్ కూడా కావాలని, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని అడిగింది. ఖలీల్ ఆవిడ బజ్జీలు తిని పెరిగినవాడే. దగ్గర కూర్చోబెట్టి అంతా అమర్చి, బ్యాంకులో ఉన్న పేరే వస్తుందమ్మా, వేరేది పెట్టడానికి లేదన్నాడు. అదే రానీయమంది. ఫోన్ మీద వెంకటేశ్వరమ్మ అన్న పేరు ఆ చివర నుంచి ఈ చివరిదాకా పరుచుకుంది. చిట్టెమ్మ దాన్ని చదివించుకుని రెండుసార్లు వింది. ఇంత పెద్ద పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ చిట్టిగా బతికానే అనుకుంది. ఖలీల్ స్కానర్ కాగితాన్ని అట్ట మీద అంటించి, పైన ప్లాస్టిక్ తొడిగి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చీర కొంగు చాటున దాచుకుని ఇంటికి తెచ్చుకుంది.

రెండు మూడు రోజులు సమయం కోసం చూసింది. ఇంతలో దుర్గ కూతురికి జ్వరం తగిలి, ఒక సాయంత్రం బండి దగ్గరికి రాలేనక్కా అని కబురు పంపింది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకుంది చిట్టెమ్మ. బండి స్తంభానికి అంటించి ఉన్న దుర్గ స్కానర్ ముందు నిలబడింది. పీకి పారేద్దామని చెయ్యి ఎత్తింది గానీ చెయ్యి రాలేదు. ఎంతైనా అది ఒకరి పేరు, అమ్మవారి పేరు కూడాను. అందుకని దాన్ని అలాగే ఉంచి, దాని మీద తనది అంటించింది. రేపు దుర్గ వచ్చి చూసినప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పొయ్యి వెలిగించింది. చాన్నాళ్ళ తర్వాత ఆ రోజు పిండి కూడా చెప్పినట్టు విన్నది.

గిరాకీ మొదలైంది. వచ్చిన వాళ్ళలో శిల్ప అని ప్రైవేటు స్కూలు టీచరు ఉంది. వారంలో సగం రోజులు అక్కడే తింటుంది, ఎప్పుడూ దుర్గ గారూ అనే పిలుస్తుంది. తిని, చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి స్కాన్ చేసింది. వెంటనే భృకుటి ముడేసింది.

"దుర్గ గారూ, ఒక్క నిమిషం. ఇందులో వెంకటేశ్వరమ్మ అని వస్తోందేంటి?" అంది. దగ్గరికెళ్ళి అంచు పట్టి చూసి, "అయ్యో, మీ స్కానర్ మీద ఎవరో దొంగది అంటించారండీ. చూసుకోలేదా? ఇందాకట్నుంచి డబ్బులన్నీ వాళ్ళకే పోయుంటాయి" అంది.

బండి చుట్టూ ఉన్నవాళ్ళంతా మూగారు. ఇలాంటి మోసాలు ఎక్కడెక్కడ జరిగాయో తలా ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. కొట్ల దగ్గర ఉన్న స్కానర్ల మీద తమవి అంటించి పోతారట, సాయంత్రానికి గానీ తెలియదట. ఒకాయన ఆ వెంకటేశ్వరమ్మ ఎవతో గానీ దాని చేతులు విరగ్గొట్టాలన్నాడు. చిట్టెమ్మ జల్లిగరిటె పట్టుకుని మూకుడు ముందు బిగుసుకుపోయింది. అది నేనే అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ అంటే, మరి మీరు దుర్గ కాదా అంటారు, కాకపోతే దుర్గ స్కానర్ మీద ఎందుకు అంటించారంటారు. దొంగతనంగా చేసిన పనికి దొంగ అన్న పేరే వచ్చింది. తేలుకుట్టిన దొంగలా మూకుట్లోకే చూసింది.

శిల్ప మంచికే పోయి ఆ అట్టని ఊడబీకింది. కింద పాత స్కానరూ, దాని అడుగున స్కెచ్ పెన్నుతో రాసిన నంబరూ బయటపడ్డాయి. అసలుదో కాదో చూద్దామని ఆ నంబరుకి ఫోన్ చేసింది, ఎదురుగా ఉన్న మనిషి దగ్గరే మోగుతుందని. బండి దగ్గర ఏదీ మోగలేదు. అవతల ఇంటి దగ్గర దుర్గ ఎత్తి హలో అంది. శిల్ప తికమకపడి స్పీకర్ నొక్కి, ఎవరండీ మాట్లాడేది అని అడిగింది. లక్ష్మీదుర్గనండి అని వచ్చింది జవాబు. శిల్ప చిట్టెమ్మ వంక ఎగాదిగా చూసింది. ఇక్కడ మీ స్కానర్ మీద వెంకటేశ్వరమ్మ అని ఎవరిదో అంటించి ఉందనీ, ఆవిడ మీకు తెలుసా అనీ అడిగింది.

"వెంకటేశ్వరమ్మా? ఆ పేరుగల వాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరండీ" అంది దుర్గ. "పీకి అవతల పారెయ్యండి. నేనిప్పుడే వస్తన్నా."

అందరూ విన్నారు, చిట్టెమ్మ కూడా వింది. పరాయివాళ్ళు గుర్తుపట్టలేదంటే సరే, ఒకే ఇంటి కోడలు. ఒకే కంచంలో అన్నం తిన్న మనిషి. ఆ పేరుగల వాళ్ళు మా ఇంట్లో లేరంది. ఇంతకాలం ఏ పేరు పోయిందని ఏడ్చిందో ఆ పేరు అసలు ఎవరి దగ్గరా లేదని తెలిసి, ఆవిడకి కోపం కూడా రాలేదు.

దుర్గ ఇల్లు రెండు వీధుల అవతలే. జుట్టు ముడేసుకుంటూ, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఎవతె అది, ఎక్కడుందని జనంలో వెతికింది.

"వెతకమాకే. నేనే" అంది చిట్టెమ్మ.

"నువ్వేందక్కా?"

"వెంకటేశ్వరమ్మని నేనే. మా నాయనమ్మ పేరు."

దుర్గ ఆ అట్ట వైపూ అక్క వైపూ మార్చి మార్చి చూసింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ అక్కా అనే పిలిచింది. ఊరంతా చిట్టెమ్మ అనేది. ఇంకో పేరు ఉంటుందేమోనని ఏనాడూ అనుకోలేదు. శిల్పకి విషయం అర్థమై మొహం ఎర్రబడింది. "సారీ అండీ దుర్గ గారూ" అని అలవాటు కొద్దీ చిట్టెమ్మతోనే అని, నాలుక్కరుచుకుని, దుర్గ స్కానర్‌కే డబ్బులు కొట్టేసి గబగబా వెళ్ళిపోయింది. మిగతా జనం కాసేపు చూసి, కొట్లాట జరిగేలా లేదని తెలిసి మళ్ళీ బజ్జీల్లో పడ్డారు.

ఇప్పుడు తిడుతుందని, తన మీద అనుమానపడి దొంగచాటుగా అంటించావా అంటుందని చిట్టెమ్మ ఎదురు చూసింది. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు అనడానికి వీలుండేది. దుర్గ మాత్రం బకెట్టు పక్కన పీట వేసుకుని కూర్చుని, పేరుకుపోయిన ప్లేట్లలో ఒకటి చేతిలోకి తీసుకుంది.

"నీ పేరు పోయిందని నువ్వు కుళ్ళిపోతన్నావని నాకు తెలుసక్కా" అంది మెల్లిగా. "మరి నాదో? వచ్చిన కొత్తలో నన్నందరూ చిట్టెమ్మ తోడికోడలనేవాళ్ళు. ఫోన్లో నా పేరు పడతంటే, పోన్లే, నాకూ ఒక పేరుందని నలుగురికీ తెలుస్తుందని సంబరపడ్డా. తీరా చూస్తే ఆ పేరుతో నిన్ను పిలిచారు. దుర్గ గారూ అనగానే నేనిక్కణ్ణుంచి ఆఁ అని పలికేదాన్ని. ఒక్కళ్ళు కూడా ఇటు చూసేవాళ్ళు కాదు. దుర్గ గారి చెయ్యి బంగారం అంటే తలెత్తేదాన్ని, అది నీ చెయ్యి. నీ పేరు నీ దగ్గరుంది, నా పేరూ నీకే పోయింది. ఆ రోజు కారువాళ్ళు ఫొటో తీసుకున్నప్పుడు నేను నవ్వింది నీ మీద కాదక్కా. నా బతుకు మీద."

చిట్టెమ్మ ఇన్నాళ్ళూ లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ కడుపు లేదనుకుంది, ఉన్నా అందులో మంట ఉండదనుకుంది. తన వెనకే, బకెట్టు పక్కనే కూర్చుని ఇంకొకత్తె కూడా తనలాగే రగిలిపోతోందని, అదీ తనని చూసేనని, కల్లో కూడా అనుకోలేదు. సిగ్గేసింది. అందులోనే, తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారన్న మాట ఎక్కడో తియ్యగా తగిలింది. అలా తగిలినందుకు ఇంకా సిగ్గేసింది.

కింద పడి ఉన్న అట్టని తీసి కొంగుతో తుడిచింది. ఈసారి దుర్గ స్కానర్ పక్కన అంటించింది. రెండూ పక్కపక్కన సరిపోయాయి, చోటేమీ కరువు కాలేదు.

అప్పుడే పత్తి లారీ ఒకటి రోడ్డు పక్కన ఆగింది. డ్రైవరు దిగి, మూకుడు దగ్గరికొచ్చి, చిట్టెమ్మ వంకే చూస్తూ, "దుర్గ గారూ, నాలుగు ప్లేట్లు కట్టండి" అన్నాడు. చిట్టెమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. ఆఁ అనబోయింది. ఇన్నాళ్ళుగా ఏడుస్తూనే ఆ పేరుకి పలకడం ఎంత అలవాటైపోయిందో ఆవిడకి అప్పుడు తెలిసింది. నోరు మూసుకుంది. మూకుట్లోంచి కళ్ళు ఎత్తకుండా వెనక్కి కేకేసింది.

"ఒసేయ్, నిన్నేనే పిలిచేది. పలుకు."

దుర్గ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ లేచి, చెప్పండన్నా అంది. డ్రైవరు చిట్టెమ్మ మీది నుంచి చూపు తిప్పి దుర్గని చూశాడు. ఇంతకాలం తన మీద పడిన ఆ చూపు దుర్గ మీద పడేసరికి చిట్టెమ్మ కడుపులో మళ్ళీ చురుక్కుమంది. అయినా జల్లిగరిటె తీసుకుని, మాడిపోకుండా బజ్జీలు తిప్పింది.